కత్తి ఇక్కడ, కన్ను అక్కడ

(డాక్టర్ కాకర్ల సుబ్బారావు స్మారకోపన్యాసం)

వైద్యంతో సంబంధం లేకపోయినా పిలవగానే వచ్చిన కరీంనగర్ పురప్రముఖులారా, ఈ మాటలు మీకు కూడా అర్థం కావాలన్నదే నా తాపత్రయం. ఎందుకంటే ఆపరేషన్ బల్ల మీద పడుకునేది మీరూ, మీ ఇంటివాళ్లూ.

డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారి పేరుమీద మాట్లాడమన్నప్పుడు కొంచెం జంకాను. ఆయన సర్జన్ కారు, రేడియాలజిస్టు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925 జనవరి 25న పుట్టారు. అమెరికాలో పేరు తెచ్చుకున్నారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకు మొదటి అధ్యక్షుడయ్యారు. 1980ల మధ్యలో ఎన్టీ రామారావు గారి పిలుపు మీద అక్కడి కొలువు వదులుకొని వచ్చి, ఒకప్పటి నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రిని ఈనాటి నిమ్స్‌గా తీర్చిదిద్దారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. 2021 ఏప్రిల్ 16న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు. వైద్యం గురించి మామూలు మనిషికి తెలుగులో చెప్పాలని చివరిదాకా పట్టుబట్టిన వ్యక్తి.

ఆలోచిస్తే ఈ విషయానికి ఆయన పేరే తగిందనిపించింది. రేడియాలజిస్టు చాలావరకు రోగిని ముట్టుకోడు. ఎక్కడో తీసిన బొమ్మను చూస్తాడు, ఇంకొకరి చేతికి దారి చెబుతాడు. కరీంనగర్‌లో తీసిన ఎక్స్‌రేను కవర్లో పెట్టుకొని, ఆర్టీసీ బస్సెక్కి, పంజాగుట్టలో దిగి, నిమ్స్‌లో చూపించుకొని వచ్చిన వాళ్లు ఈ సభలోనే ఉంటారు. అప్పుడు బొమ్మతోపాటు మనిషి కూడా వెళ్లాలి. ఇప్పుడు మనిషి ఇక్కడే ఉండగా, కడుపు తెరిచి ఉండగా, లోపలి దృశ్యం క్షణంలో పట్నం చేరుతుంది. అక్కడి పెద్ద సర్జన్ చూసి ఇక్కడి సర్జన్‌కు చెప్పగలడు. దీన్నే టెలీమెంటరింగ్ అంటున్నారు. ఇది మన ఉత్తర తెలంగాణకు పనికొస్తుందా, వస్తే ఏ షరతుల మీద వస్తుందన్నదే ఈనాటి ఉపన్యాసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దీన్ని పరికరంగా కొంటే పెట్టెలోనే ఉంటుంది. డ్యూటీగా వేస్తేనే ప్రాణం నిలబెడుతుంది. ఎందుకో ఆరు మెట్లుగా చెబుతాను.

1. ఇప్పటికే జరుగుతున్నది

అర్ధరాత్రి ఒక ఏరియా ఆసుపత్రి. పేగుకు చిల్లు పడిన కేసు. ముప్పై ఏళ్లు నిండని సర్జన్ కడుపు తెరిచాడు. పుస్తకంలో ఉన్నట్టు లోపల లేదు. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, ఫోన్ ముట్టుకోరాదు. సిస్టర్‌కు నంబర్ చెబుతాడు. ఆమె డయల్ చేసి అతని చెవి దగ్గర ఫోన్ పట్టుకుంటుంది. "సార్, నిద్ర లేపాను, ఏమనుకోకండి" అని మొదలవుతుంది. అవతల ఉన్నది అతనికి పీజీలో పాఠం చెప్పిన ప్రొఫెసర్. "ఏం కనబడుతోందో చెప్పు" అంటాడాయన. ఇతను మాటల్లో బొమ్మ గీస్తాడు. ఆయన ఆ మాటల్లోంచి పేగును ఊహించుకుంటాడు. కొన్నిసార్లు వాట్సాప్‌లో ఒక ఫొటో వెళ్తుంది. పది నిమిషాల్లో దారి దొరుకుతుంది, పని నడుస్తుంది.

ముందు వరసలో పీజీలు నవ్వుతున్నారు. నవ్వండి, మీ అందరికీ ఇది తెలుసు. లెక్కల్లో లేని టెలీమెంటరింగ్ ఇదే. ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ ప్రొఫెసర్‌కు ఇది డ్యూటీ కాదు, మంచితనం. ఫోన్ ఎత్తకపోతే అడిగేవారు లేరు. ఆ కుర్ర సర్జన్‌కు అలాంటి ప్రొఫెసర్ లేకపోతే రాత్రంతా ఒంటరే.

ఈ ఒంటరితనానికి పర్యవసానం రెఫరల్. "మా దగ్గర కాదు, హైదరాబాద్ తీసుకెళ్లండి" అంటాడు. కరీంనగర్ నుంచి పట్నం 160 కిలోమీటర్ల పైచిలుకు. ఆదిలాబాద్ నుంచి 300. అందుకే ఆదిలాబాద్ వాళ్లు చాలామంది యవత్మాల్‌కో నాగ్‌పూర్‌కో పోతారు. ఉట్నూరు దాటి లోపలి గూడెం నుంచి వచ్చినవాడు ఆదిలాబాద్ రిమ్స్‌కు చేరడమే ఒక ప్రయాణం. వానకాలం వాగు పొంగితే అదీ లేదు. "సారూ, పట్నం పోతే పైసలెక్కడియి? గిక్కడనే ఏదన్న చెయ్యి" అన్న మాట విననివాడు ఈ ప్రాంతంలో సర్జన్‌గా పనిచేయలేదన్న మాటే.

2015లో లాన్సెట్ కమిషన్ ఒక లెక్క చెప్పింది. సిజేరియన్, కడుపు తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్, ఎముక చర్మం చీల్చుకొని బయటికొచ్చిన ఫ్రాక్చర్‌కు చికిత్స, ఈ మూడూ చేయగల ఆసుపత్రికి మనిషి రెండు గంటల్లో చేరగలగాలి. ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగల శస్త్రచికిత్స అందుబాటులో లేదని తేల్చిందీ ఆ కమిషనే. ఆ 500 కోట్లలో మన నార్నూరు, గాదిగూడ, తిర్యాణి మండలాల జనం ఉన్నారు.

2. రెండు కథలు

ఇప్పుడు రెండు కథలు చెబుతాను. రెండూ జరిగినవే.

మొదటిది 2001 సెప్టెంబర్ 7న. ఫ్రెంచ్ సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చున్నాడు. రోగి ఒక పెద్దావిడ, అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల స్ట్రాస్‌బూర్గ్‌లో ఉంది. జ్యూస్ అనే రోబో చేతులతో ఆవిడ పిత్తాశయాన్ని తీసేశాడు. ఫ్రాన్స్ టెలికాం ఆ ఒక్క పనికి ప్రత్యేక ఫైబర్ లైన్ కేటాయించింది. సంకేతం వెళ్లి రావడానికి దాదాపు 14,000 కిలోమీటర్లు. సర్జన్ చెయ్యి కదిలాక తెరమీద కనబడటానికి సెకనులో ఆరో వంతు మాత్రమే పట్టింది. విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన వాడి పేరు మీద దాన్ని లిండ్‌బర్గ్ ఆపరేషన్ అన్నారు. నాలుగు రోజులకే అదే న్యూయార్క్‌లో జంట సౌధాలు కూలి ఆ వార్త మరుగున పడింది. ఆ రోబో తయారుచేసిన కంపెనీ 2003లో పోటీ కంపెనీలో కలిసిపోయింది, యంత్రం మూలపడింది.

రెండోది 2008లో. ఆఫ్రికాలో కాంగో దేశపు రుత్షురు. చుట్టూ యుద్ధం. లండన్ నుంచి సేవకు వెళ్లిన సర్జన్ డేవిడ్ నాట్ ముందు పదహారేళ్ల కుర్రాడు. చెయ్యి అప్పటికే తీసేశారు. మిగిలిన భాగం కుళ్లిపోతోంది. భుజం ఎముకలతో సహా తీసేస్తేనే బతుకుతాడు. నాట్ ఆ ఆపరేషన్ ఎప్పుడూ చేయలేదు. లండన్‌లో చేసిన వాడొకడు తెలుసు, మెయిరియన్ థామస్. అతనికి మెసేజ్ పెట్టాడు. ఏది ముందు కోయాలో, ఏది తర్వాతో అంచెలంచెలుగా జవాబు మెసేజ్‌లు వచ్చాయి. వీడియో లేదు, రోబో లేదు. చేతిలో ఒకే ఒక్క యూనిట్ రక్తం ఉంది. కుర్రాడు బతికాడు.

సముద్రమంత బ్యాండ్‌విడ్త్ ఉన్నది చరిత్ర పుటల్లో మిగిలింది. నాలుగు ఎస్సెమ్మెస్‌లు ఒక ప్రాణాన్ని నిలబెట్టాయి. తేడా ఎక్కడుంది? నాట్‌కు థామస్ తెలుసు. థామస్‌కు నాట్ చెయ్యి ఎంతదాకా వెళ్లగలదో తెలుసు. ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కర్లేదో తెలుసు. అక్కడ పనిచేసింది ఆ పరిచయం.

రోబోను తక్కువ చేయడం లేదు. 2025 జనవరిలో మన దేశంలోనే తయారైన ఎస్ఎస్ఐ మంత్ర రోబోతో గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరంలోని జైపూర్‌లో గుండె ఆపరేషన్ చేశారు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ కూడా ఇంచుమించు అంతే దూరం. లైన్ సరిపోతుందని తేలిపోయింది. కానీ ఆ రోబో ఖరీదు కోట్లలో. పైగా లైన్ తెగితే అందుకోవడానికి రోగి పక్కన ఒక సర్జన్ ఉండి తీరాలి. ఎలాగూ ఇక్కడ ఒక సర్జన్ ఉండాల్సినప్పుడు, ఆ చేతికే దారి చెప్పడం చవక, నిలకడ. అదే మన దారి.

3. చేతి తప్పు కాదు, చూపు తప్పు

దారి చెప్పడమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. ఈ ప్రాంతంలో రోజూ జరిగే ఆపరేషన్‌నే తీసుకుందాం, లాప్రోస్కోపీ ద్వారా పిత్తాశయం తీయడం. మన దేశంలో దీన్ని మొదట చేసింది ముంబైలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా, 1990లో. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో మామూలు ఆపరేషన్ అయిపోయింది.

బొడ్డు దగ్గర చిన్న రంధ్రం. అందులోంచి కార్బన్ డయాక్సైడ్ నింపి కడుపును ఉబ్బిస్తారు. కెమెరా లోపలికి వెళ్తుంది. కాలేయం కింద ఆకుపచ్చని సంచి కనబడుతుంది. దాన్ని పైకి లాగి పట్టుకుంటే మెడ దగ్గర కొవ్వు కప్పిన ముక్కోణం. అందులోంచి సంచికి వచ్చేవి రెండే ఉండాలి, ఒక నాళం, ఒక ధమని. కొవ్వంతా తీసి, సంచి కింది మూడో వంతును కాలేయం నుంచి విడదీసి, ఆ రెండే రెండు సంచిలోకి వెళ్తున్నట్టు కళ్లారా చూసుకున్నాకే క్లిప్పు వేయాలి. 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ చెప్పిన నియమమిది. వాపు ఎక్కువై అంతా అతుక్కుపోయినప్పుడు, కాలేయం నుంచి పేగుకు వెళ్లే పెద్ద పిత్తనాళమే చిన్న నాళంలా కనబడుతుంది. దానికి క్లిప్పు పడిందా, ఆ రోగి బతుకు తలకిందులు. కామెర్లు, చీము, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు.

కాలిఫోర్నియాలో అలా నాళం దెబ్బతిన్న 252 కేసులను పరిశీలించి 2003లో ఒక నివేదిక వెలువరించారు. నూటికి 97 కేసుల్లో సర్జన్ చెయ్యి బాగానే ఉంది. అతను చూసింది తప్పు. తాను చూస్తున్నది చిన్న నాళమేనని అతను గట్టిగా నమ్మాడు. విద్యార్థులు ఈ మాట రాసుకోండి. తప్పు కంట్లో ఉన్నప్పుడు మందు రెండో కన్నే. అదే తెరను చూస్తున్న మరో మనిషి, ఆ నమ్మకంలో చిక్కుకోని మనిషి, "ఆగు, కొవ్వు ఇంకా తియ్యి, వెనక వైపు చూపించు" అంటే చాలు. వాగు దాటిన పెద్దమనిషి ఒడ్డున నిలబడి లోతెక్కడో చెప్పినట్టు. ఒక్కోసారి ఆయన చెప్పాల్సింది ఇంకా చిన్న మాట. "ఇక వద్దు. కడుపు తెరువు." లేదా "సంచిలో సగం వదిలేసి బయటికి రా." ఒంటరిగా ఉన్నప్పుడు వెనక్కి తగ్గడం ఓటమిలా అనిపిస్తుంది. పెద్దాయన చెబితే అదే నిర్ణయమవుతుంది.

4. తెరకు ఏం కావాలి

ఈ మెట్టు త్వరగా దాటుతాను. ఖర్చు విషయం ఉంది కాబట్టి అధికారులు కొంచెం చెవిన వేసుకోండి.

దూరం సమస్యే కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ చేరడానికి సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు. కనురెప్ప పాటులో వందో వంతు. ఆలస్యమయ్యేది వీడియోను కుదించి మళ్లీ విప్పే యంత్రాల దగ్గర, ఆసుపత్రి గోడ దాటే చివరి వంద గజాల్లో. మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ తీగ వేశారు. అది థియేటర్ గది దాకా వస్తుందా అన్నదే ప్రశ్న. ఇంకో సంగతి. మన కనెక్షన్లు సినిమా చూడటానికి చేసినవి, వచ్చే వేగం ఎక్కువ, పంపే వేగం తక్కువ. మనకు పంపడమే కావాలి. కుదించిన మంచి వీడియోకు ఐదారు ఎంబీపీఎస్ చాలు, కానీ అది గంటసేపు తెగకుండా ఉండాలి.

కెమెరా కొత్తగా కొనాల్సిన పని చాలాచోట్ల లేదు. లాప్రోస్కోపీ యంత్రం వెనక తీగ పెట్టే రంధ్రం ఉంది, ఆ దృశ్యాన్నే కంప్యూటర్‌కు కలిపి పంపవచ్చు. కడుపు తెరిచి చేసే ఆపరేషన్‌కే కష్టం. పైన కెమెరా పెడితే సర్జన్ తల అడ్డం వస్తుంది, థియేటర్ దీపానికి రక్తం తెల్లగా మెరిసి లోతు తెలియదు. తలకు కట్టుకుంటే దృశ్యం ఊగుతుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది శబ్దం. బొమ్మ కాసేపు ఆగినా మాట ఆగకూడదు. సక్షన్ మోతలో, కాటరీ చిటపటలో పెద్దాయన మాట వినబడాలి, చేతితో ముట్టుకోకుండానే జవాబు చెప్పగలగాలి. చివరగా, కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు రౌటర్ ఆరిపోతుంది. దానికి యూపీఎస్ పెట్టండి. లక్షల పరికరాన్ని ఆ చిన్న రౌటరే కూల్చేస్తుంది.

5. కత్తికి ముందు ప్రశ్న

ఇప్పటిదాకా ఎలా చేయాలన్నదే మాట్లాడాను. అసలు చేయాలా అన్న ప్రశ్న మిగిలింది. ఉత్తర తెలంగాణలో ఇది మొహమాటపెట్టే ప్రశ్న.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. తెలంగాణలో 60.7. మనం కూర్చున్న కరీంనగర్ జిల్లాలో 80 దాటాయి. కుమ్రం భీం ఆసిఫాబాద్‌లో అందులో సగం కూడా లేవు. ఒకచోట కత్తి ఎక్కువ, ఒకచోట కత్తి అందదు. ఈ రెంటి మధ్య దూరం బస్సులో కొన్ని గంటలు. కరీంనగర్‌లో మంచి కెమెరా పెట్టి సిజేరియన్ ఎలా చేయాలో నేర్పితే ఎవరికి లాభం? ఇక్కడ తెర అవతలి గురువు అడగాల్సిన ప్రశ్న, "ఈవిడకు ఎందుకు?" ఆసిఫాబాద్‌లో అడగాల్సింది, "ఆవిడ ఇంకా ఎందుకు రాలేదు?" ఒకే యంత్రం, రెండు వేరు ప్రశ్నలు.

ఆదిలాబాద్ ప్రత్యేకత మరొకటి. గోండు గూడేల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి త్వరగా విరిగిపోతాయి. వాటి నుంచి వచ్చే రంగు పదార్థం పిత్తాశయంలో రాళ్లు కడుతుంది. అంటే చిన్న వయసులోనే పిత్తాశయం ఆపరేషన్‌కు వచ్చే గోండు కుర్రాడికి సికిల్ సెల్ ఉండే అవకాశం గట్టిగా ఉంది. అతనికి మత్తులో ఆక్సిజన్ తగ్గినా, ఒళ్లు చల్లబడినా, నీళ్లు తక్కువైనా ఆ కణాలు కొడవళ్లై రక్తనాళాలను మూసేస్తాయి. మధ్యప్రదేశ్‌లోని షాడోల్ నుంచి 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది ఇలాంటి ప్రాంతాల కోసమే. అందుకని దూరపు గురువు మొదటి మాట తెరమీద కత్తి గురించి ఉండకూడదు. ముందురోజే అడగాలి. రక్తపరీక్ష చేయించావా? మత్తు డాక్టర్ ఎవరు? గది వెచ్చగా ఉంటుందా? రక్తం సిద్ధంగా ఉందా? మన జిల్లాల్లో చాలాచోట్ల సర్జన్ దొరికినా మత్తు డాక్టర్ దొరకడు. గురువుల జాబితాలో మత్తు డాక్టర్ లేని టెలీమెంటరింగ్ సగం పథకమే.

ఇంకొకటి సమ్మతి. తన కడుపు లోపలి దృశ్యం మరో ఊళ్లో మరో డాక్టర్ చూస్తాడని రోగికి చెప్పాలి. గోండీ మాత్రమే వచ్చిన తల్లికి తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే సమ్మతి కాదు. ఆమె భాషలో చెప్పే మనిషి ఉండాలి. రికార్డు చేస్తే ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారన్నదీ చెప్పాలి. వందల మంది ముందు లైవ్ ఆపరేషన్ ప్రదర్శనలు చేయడం మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది ప్రదర్శన. మనం మాట్లాడుతున్నది ఒక రోగి కోసం ఇద్దరు డాక్టర్ల మధ్య జరిగే పని. ఆ రెంటినీ కలపకండి.

6. గురువు ఎవరు, బాధ్యత ఎవరిది

2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. దూరం నుంచి శస్త్రచికిత్స చేయడాన్ని వాటి పరిధిలోకి రానివ్వలేదు. ఒక డాక్టర్ మరో డాక్టర్ సలహా తీసుకోవడాన్ని ఒప్పుకుంది. కాకపోతే సలహా అడిగినా చికిత్స బాధ్యత రోగి దగ్గరున్న డాక్టర్‌దే. ఇది న్యాయమే. చెయ్యి ఎవరిదో జవాబు వారిదే. కానీ గంటసేపు తెర ముందు కూర్చొని "ఇక్కడ కొయ్యి" అన్నవాడికి ఏ బాధ్యతా లేదంటే నైతికంగా ఒప్పుతుందా? ఒప్పదంటాను. చట్టం ఏమన్నా, కేస్ షీటులో గురువు పేరు, సమయం, చెప్పిన సలహా రాయాలి. పేరు రాస్తే మాట ఆచితూచి వస్తుంది. పేరు రాస్తే ఆ కుర్ర సర్జన్‌కూ రక్షణ.

ఇక గురువు ఎక్కడివాడు? పట్నం నుంచే రావాలన్న అలవాటు మానుకుందాం. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ ఇప్పుడు ఎనిమిది జిల్లాలు. 2008లో వచ్చిన ఆదిలాబాద్ రిమ్స్ ఉంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం కళాశాలలు వచ్చాయి. 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. ఎనిమిది జిల్లాలకూ ఒక్కో ప్రభుత్వ వైద్య కళాశాల. ప్రైవేటులో చల్మెడ, ప్రతిమ అంతకుముందు నుంచే ఉన్నాయి. 2022 నవంబర్‌లో రాష్ట్రంలోని ఎనిమిది కొత్త కళాశాలలను అప్పటి ముఖ్యమంత్రి హైదరాబాద్ నుంచి వీడియోలోనే ప్రారంభించిన సంగతి గుర్తుందా? కళాశాల ప్రారంభానికి సరిపోయిన లైన్ ఆపరేషన్ థియేటర్‌కు సరిపోదా? ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్‌కు అనుమతి కోసం స్కానింగులు, రిపోర్టులు ఏళ్లుగా పట్నానికి ఆన్‌లైన్‌లో పోతున్నాయి. డబ్బు మంజూరుకు బొమ్మ పోతుంది, సలహాకు పోదు! ఈ వింతను సరిచేయడానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు.

నమూనాలు ఉన్నాయి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ కంటి ఆసుపత్రుల వరసలో తొలి అడుగు వేసింది 1990లలో, పాత ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో. ఊళ్లో విజన్ సెంటర్, పైన ముధోల్ లాంటి ఆసుపత్రి, ఆపైన హైదరాబాద్. కింద ఉన్నవారికి పైన తన మనిషి ఎవరో తెలుసు. అమెరికాలో న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. పల్లె డాక్టర్లు వారం వారం వీడియోలో కేసులు చెప్పుకొనేవారు, పెద్దలు సలహా ఇచ్చేవారు. వాళ్లు చేసిన హెపటైటిస్ సి చికిత్స యూనివర్సిటీ ఆసుపత్రి చికిత్సతో సమానంగా ఉందని 2011లో తేలింది. కెనడాలో మెహ్రాన్ అన్వరీ హామిల్టన్ నుంచి సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని నార్త్ బే సర్జన్లకు తోడుగా నిలిచింది కూడా 2003లోనే. అన్నింటిలోనూ ఒకే సూత్రం. మనుషులు ముందే పరిచయస్తులు. కలుసుకోవడం క్రమం తప్పకుండా. అత్యవసరం వచ్చినప్పుడు ఆ పరిచయం పనికొచ్చింది.

అందుకే నా ప్రతిపాదన సాదాసీదాగా ఉంటుంది. ఎనిమిది కళాశాలల సర్జన్లు, మత్తు డాక్టర్లు, గైనకాలజిస్టులతో ఒక డ్యూటీ పట్టిక వేయండి. ప్రతి రాత్రికి ఒక గురువు పేరు, ఒక నంబర్, ఒక తెర. ఆ గంటలు ఆయన డ్యూటీ లెక్కలోకి రావాలి, పదోన్నతిలో కనబడాలి. ప్రతి గురువూ తన కింది ఏరియా ఆసుపత్రికి మూడు నెలలకోసారైనా వెళ్లి, అక్కడి థియేటర్‌లో అక్కడి సర్జన్‌తో చెయ్యి కలపాలి. ఆ దీపం ఎలా ఉందో, ఆ సిస్టర్ పేరేమిటో తెలియని గురువు తెరమీద సగం గురువే. సింగరేణి ఆసుపత్రులనూ, ప్రైవేటు కళాశాలలనూ ఈ పట్టికలో కలపండి. గని ప్రమాదం జరిగినప్పుడు కాలు నలిగిన కార్మికుడు సర్కారు, ప్రైవేటు అని చూడడు.

విజయాన్ని ఎలా కొలవాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఏడాది తిరిగేసరికి ఎవరో ఒకరు "ఎన్ని ఆపరేషన్లు వీడియోలో చేశారు?" అని అడుగుతారు. అది తప్పు లెక్క. అడగాల్సినవి మూడు. ఎన్ని రెఫరల్ ప్రయాణాలు తప్పాయి? ఎన్ని అనవసరపు ఆపరేషన్లు ఆగాయి? నిరుడు ఫోన్ చేసిన కుర్ర సర్జన్ ఈ ఏడాది అదే కేసుకు ఫోన్ చేయకుండా చేయగలిగాడా? మూడో దానికి "అవును" అన్న జవాబు రాకపోతే మనం గురువును తయారుచేసుకోలేదు, ఊతకర్రను తయారుచేసుకున్నాం.

ముగిస్తాను. ఈ సభలో ఉన్న సీనియర్ సర్జన్లకు ఒక విన్నపం. ఇన్నాళ్లూ మంచితనంతో ఫోన్ ఎత్తారు. ఇకమీద మీ పేరు పట్టికలో రాయించుకోండి. కుర్ర డాక్టర్లకు, అడగడానికి సిగ్గుపడకండి. అర్ధరాత్రి అడగడం కన్నా ముందురోజు సాయంత్రం అడగండి. అధికారులకు, పరికరాల టెండరు పిలవడానికి ముందు డ్యూటీ పట్టిక మీద సంతకం పెట్టండి. పట్టిక లేకుండా తెర వస్తే ఆరు నెలల్లో దాని మీద గుడ్డ కప్పుతారు. పట్టిక ఉంటే, మంచి తెర లేకపోయినా ఫోన్‌తో పని మొదలవుతుంది. ప్రజలకు, మీ ఏరియా ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ రాత్రి మీ సర్జన్‌కు తోడు ఎవరు?" ఆ ప్రశ్నకు ఒక పేరు జవాబుగా వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.